చీకటి పడి ఆగిన మ్యాచ్: 1920లో 26 ఇన్నింగ్స్ ఆడినా 1–1 దగ్గరే ఎందుకు నిలిచింది?

క్లుప్తంగా: 1920 మే 1న బోస్టన్‌లో బ్రూక్లిన్, బోస్టన్ జట్లు ఆడిన బేస్‌బాల్ మ్యాచ్ 26 ఇన్నింగ్స్ సాగి 1–1తో ఆగిపోయింది. ఇన్నింగ్స్ లెక్కన అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఇంత పొడుగు మ్యాచ్ మళ్లీ జరగలేదు. రెండు జట్లకూ చెరొక పిచరే మొదటి నుంచి చివరి దాకా బంతులు వేశాడు. అయినా ఆట నాలుగు గంటలు కూడా పట్టలేదు. అప్పటి బంతి, మైదానం, బ్యాటింగ్ పద్ధతి, లైట్లు లేకపోవడం కలిస్తేనే అది సాధ్యమైంది. అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ (పరుగు కోసం దాటాల్సిన మూడు మజిలీల్లో రెండోది) మీద ఒక ఆటగాణ్ని ఊరికే నిలబెట్టే ఇప్పటి నిబంధన ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఆ మ్యాచ్ నుంచి మొదలుపెట్టడం మేలు.

రెండో బేస్ మీద ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు?

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు పిల్లలతో కలిసి స్టేడియానికి వెళ్లినప్పుడు తరచుగా తికమకపడే సంగతి ఒకటుంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయిపోతాయి, స్కోరు సమంగా ఉంటుంది. పదో ఇన్నింగ్ మొదలయ్యేసరికి, ఇంకా ఒక్క బంతీ పడకముందే, బ్యాటింగ్ జట్టు ఆటగాడు ఒకడు రెండో బేస్ మీద నిలబడి ఉంటాడు. అతను హిట్ (బేస్ చేర్చే దెబ్బ) కొట్టలేదు, వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే దక్కే మొదటి బేస్) మీద రాలేదు. నిబంధనే అతన్ని అక్కడ నిలబెట్టింది.

2020లో కరోనా కాలంలో తాత్కాలికం అంటూ తెచ్చిన ఈ ఏర్పాటును మేజర్ లీగ్ 2023లో శాశ్వతం చేసింది. పాతకాలపు అభిమానుల్లో చాలామందికి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. కష్టపడకుండా సగం దారి దాటినవాడు పరుగు చేస్తే అదేం ఆట అన్నది వాళ్ల అభ్యంతరం. క్రికెట్ చూసినవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో సూపర్ ఓవర్ కూడా సమమయ్యాక బౌండరీల లెక్కతో ఇంగ్లండ్‌ను విజేతగా తేల్చినప్పుడు జరిగిన వాదనే ఇక్కడా జరుగుతోంది. తేలని ఆటను ఎలాగోలా తేల్చాలి, కానీ తేల్చే పద్ధతి ఆటలాగే ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదరడం కష్టం.

గడియారం లేని ఆట

ఫుట్‌బాల్‌కు 90 నిమిషాలు, టీ20కి 20 ఓవర్లు. బేస్‌బాల్‌కు అలాంటి హద్దు లేదు. ఒక్కో ఇన్నింగ్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు పూర్తయినట్టు. ముందు అతిథి జట్టు, తర్వాత సొంత మైదానం జట్టు. అలా తొమ్మిది ఇన్నింగ్స్. అప్పటికీ సమంగా ఉంటే పదోది, పదకొండోది, ఇంకోటి. ఏదో ఒక ఇన్నింగ్ పూర్తయ్యేసరికి ఒక జట్టు ముందుండాలి. సొంత జట్టు అయితే తొమ్మిదో ఇన్నింగ్‌లోనో ఆ తర్వాతో ఆధిక్యం వచ్చిన క్షణమే గెలిచేసినట్టు.

నిబంధనల పుస్తకం ప్రకారం ఈ ఆటకు ముగింపు ఉండాలన్న నియమం లేదు. ఆచరణలో సాధారణంగా పది, పన్నెండు ఇన్నింగ్స్‌లోనే తేలిపోతుంది. కారణం లెక్కలో ఉంది. ఒక జట్టు వంతులో కనీసం ఒక పరుగు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అని ఊహకు అనుకుందాం. రెండు జట్లూ ఒక ఇన్నింగ్‌లో సున్నాకే ఆగే అవకాశం సగం కంటే కొంచెం ఎక్కువ. ఇలా వరసగా 20 ఇన్నింగ్స్, అంటే 40 వంతులు, ఒక్క పరుగూ రాకుండా గడిచే అవకాశం సుమారు లక్షలో ఒకటి. పరుగు వచ్చే అవకాశాన్ని ఐదింట ఒకటికి తగ్గించి చూస్తే అదే సంఖ్య ఏడున్నర వేలలో ఒకటి అవుతుంది. ఆ చిన్న తేడాకే అసాధ్యం కాస్తా అరుదుగా మారిపోయింది. పరుగు రావడాన్ని ఏ కాస్త కష్టం చేసినా మ్యాచ్ పొడుగు విపరీతంగా పెరుగుతుందన్నమాట. 1920 మే 1న ఏడో ఇన్నింగ్ నుంచి 26వది దాకా సరిగ్గా 20 ఇన్నింగ్స్ ఇరుపక్షాలకూ సున్నాలే.

ఆ శనివారం

ఆడిన జట్లు బ్రూక్లిన్ రాబిన్స్, బోస్టన్ బ్రేవ్స్. మేనేజర్ విల్బర్ట్ రాబిన్‌సన్ పేరు మీదే అప్పట్లో బ్రూక్లిన్ జట్టును రాబిన్స్ అనేవారు. ఇప్పటి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆ జట్టే. బోస్టన్ బ్రేవ్స్ మిల్వాకీ మీదుగా అట్లాంటా చేరింది.

బ్రూక్లిన్ పిచర్ లియోన్ కాడోర్, బోస్టన్ పిచర్ జో ఎష్గర్. వీళ్లిద్దరూ అంతకు పదకొండు రోజుల ముందే తలపడ్డారు. ఆ మ్యాచ్‌లో కాడోర్ 11 ఇన్నింగ్స్‌లో 1–0తో గెలిచాడు. ఎష్గర్‌కు పొడుగు మ్యాచ్‌లు కొత్త కావు. 1919 ఏప్రిల్ 30న ఫిలడెల్ఫియా తరఫున ఇదే బ్రూక్లిన్ మీద 20 ఇన్నింగ్స్ వేశాడు. అదీ 9–9తో తేలకుండానే ముగిసింది.

బ్రూక్లిన్ పరుగు ఐదో ఇన్నింగ్‌లో వచ్చింది. ఎర్నీ క్రూగర్ వాక్ మీద మొదటి బేస్ చేరాడు. కాడోర్ కొట్టిన బంతి నేరుగా ఎష్గర్ దగ్గరికే వెళ్లింది. దాన్ని శుభ్రంగా పట్టి ఉంటే డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) అయ్యేది. కానీ బంతి చేతిలో తడబడింది, ఒక్క ఔటే దొరికింది. రెండో బేస్ చేరిన క్రూగర్ ఐవీ ఓల్సన్ సింగిల్‌తో (ఒక బేస్ చేర్చే దెబ్బ) ఇంటికొచ్చాడు, అంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ చేరి పరుగు చేశాడు. ఆ పరుగు వెనక పెద్ద దెబ్బేమీ లేదు.

మరుసటి ఇన్నింగ్‌లోనే బోస్టన్ సమం చేసింది. వాల్టన్ క్రూజ్ ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే దెబ్బ), టోనీ బెకెల్ సింగిల్. ఆ వెంటనే ర్యాబిట్ మరన్‌విల్ డబుల్ (రెండో బేస్ చేర్చే దెబ్బ) కొట్టాడు. బెకెల్ మొదటి బేస్ నుంచి ఇంటిదాకా ఒకే ఊపున పరుగెత్తాడు కానీ హోమ్ ప్లేట్ దగ్గర ఔటయ్యాడు. అతను చేరి ఉంటే ఈ మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్‌లోనే ముగిసిపోయి ఉండవచ్చు, ఎవరికీ గుర్తుండేదీ కాదు.

ఆ తర్వాత రెండు జట్లకూ చెరొక గొప్ప అవకాశం వచ్చింది. తొమ్మిదో ఇన్నింగ్‌లో బోస్టన్‌కు మూడు బేస్‌లూ నిండాయి, ఔటైంది ఒక్కడే. చార్లీ పిక్ నేలబారుగా కొట్టిన బంతి డబుల్ ప్లేకు దారి తీసింది. ఆ రోజు పిక్ 11 సార్లు ప్రయత్నించి ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయాడు.

17వ ఇన్నింగ్‌లో బ్రూక్లిన్ వంతు. మళ్లీ మూడు బేస్‌లూ నిండాయి, మళ్లీ ఒక్క ఔటే. బ్యాటర్ రౌడీ ఎలియట్ (రౌడీ అన్నది ముద్దుపేరే) బంతిని పిచర్ చేతుల్లోకే కొట్టాడు. ఎష్గర్ దాన్ని హోమ్‌కు విసిరాడు, మూడో బేస్ నుంచి వస్తున్న జాక్ వీట్ ఔట్. బ్యాటర్ వెనక కాచే క్యాచర్ హ్యాంక్ గౌడీ రెండో ఔట్ కోసం మొదటి బేస్‌కు విసిరిన బంతి సరిగ్గా అందలేదు. ఆ సందులో రెండో బేస్ మీదున్న ఎడ్ కొనెచీ మూడో బేస్ దాటి ఇంటివైపు దూసుకొచ్చాడు. మొదటి బేస్ ఆటగాడు వాల్టర్ హోల్కీ తేరుకుని బంతిని వెనక్కి విసిరాడు. గౌడీ ప్లేట్ మీదుగా అడ్డంగా దూకి కొనెచీకి బంతి తగిలించాడు. ఈ మ్యాచ్ మొత్తంలో ఫలితానికి అందరికంటే దగ్గరగా వచ్చినవాడు కొనెచీయే. ఆ తర్వాత మిగిలినవన్నీ సున్నాలు.

పరుగులు ఎందుకు రాలేదు?

ఇద్దరు పిచర్ల గొప్పతనం కాదనలేనిది. ఎష్గర్ ఆరో ఇన్నింగ్ నుంచి వరసగా 21 ఇన్నింగ్స్ పరుగివ్వలేదు. కాడోర్ 20. అయితే వీళ్లు బ్యాటర్లను హడలగొట్టి గెలవలేదు. ఇద్దరూ చెరి ఏడుగురినే స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశారు. 26 ఇన్నింగ్స్‌లో ఏడుగురు! ఇప్పటి మేజర్ లీగ్‌లో ఒక జట్టు తొమ్మిది ఇన్నింగ్స్‌లోనే సగటున ఎనిమిది మందికి పైగా స్ట్రైకౌట్ చేస్తోంది. పైగా కాడోర్ 15 హిట్లు ఇచ్చాడు, ఎష్గర్ తొమ్మిది. బ్యాట్‌కు బంతి తగులుతూనే ఉంది, అయినా పరుగులు రాలేదు.

ఎందుకన్నది ఒక్క అంకెలో కనిపిస్తుంది. బ్రూక్లిన్ వైపు పడిన 78 ఔట్లలో 42 హోల్కీ చేతిలో, అంటే మొదటి బేస్ దగ్గర, పడ్డాయి. సగానికి మించి! బ్యాటర్లు బంతిని నేలబారుగా కొట్టారు, ఫీల్డర్లు ఏరి మొదటి బేస్‌కు విసిరారు. ఆ రోజంతా ఇదే తంతు. దీనికి అప్పటి బ్యాటింగ్ పద్ధతి ఒక కారణం. బ్యాట్‌ను పైకి పట్టుకుని బంతిని ఖాళీల్లోకి నెట్టడం, బంట్ చేయడం (బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా తాకించడం), ఒక్కో బేస్ ముందుకు జరగడం. ఈ పద్ధతిలో పరుగు రావాలంటే రెండు మూడు మంచి సంఘటనలు వరసగా జరగాలి. మధ్యలో ఒక్క పొరపాటు జరిగినా గొలుసు తెగిపోతుంది. బంతిని గోడ దాటించే హోమ్ రన్‌కు ఆ గొలుసుతో పనిలేదు, ఒక్క దెబ్బ చాలు.

హోమ్ రన్ ఎందుకు కొట్టలేదంటే, ఆ మైదానంలో అది దాదాపు అసాధ్యం. 1915లో తెరిచిన బ్రేవ్స్ ఫీల్డ్‌లో పక్క గీతల వెంట గోడకు 400 అడుగులు, మధ్యలో 500 అడుగులకు పైనే. ఎడమవైపు గోడ దాటించిన మొదటి హోమ్ రన్ కోసం 1925 దాకా, పదేళ్లు, ఎదురుచూడాల్సి వచ్చింది. యజమానులు కోరుకున్నదే అది. ట్రిపుల్స్, మైదానంలోనే పరుగెత్తి తెచ్చే పరుగులు చూడముచ్చటగా ఉంటాయని అప్పటి అభిరుచి.

ఇక బంతి. ఒకే బంతిని వీలైనంత సేపు వాడేవారు. జనంలోకి వెళ్లిన బంతిని కూడా తిరిగి తీసుకునేవారు. మట్టి, గడ్డి మరక, పొగాకు ఉమ్మి పట్టి అది నల్లబడేది, మెత్తబడేది. సాయంత్రపు వెలుగులో అలాంటి బంతి కనిపించడమే కష్టం. ఉమ్మి పూసి వేసే స్పిట్‌బాల్‌ను 1920 సీజన్‌కు ముందే నిషేధించారు, కొందరు పాత పిచర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. శుభ్రమైన కొత్త బంతులు తరచుగా వాడాలన్న పట్టుదల మాత్రం అదే ఏడాది ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి చనిపోయాకే బలపడింది.

ఇక్కడ ఒక కాకతాళీయం చెప్పకుండా ఉండలేం. బోస్టన్‌లో ఈ సున్నాల పరంపర నడుస్తున్న ఆ మే 1వ తేదీనే న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో బేబ్ రూత్ యాంకీస్ తరఫున తన మొదటి హోమ్ రన్ కొట్టాడు. ఆ ఏడాది అతను 54 కొట్టాడు. కొద్ది సంవత్సరాల్లోనే అందరూ అతనిలా బ్యాట్ ఊపడం మొదలుపెట్టారు. ఒక్కో బేస్ లాక్కుంటూ పోయే పాత ఆట, ఒక్క దెబ్బతో తేల్చే కొత్త ఆట ఒకే రోజున రెండు ఊళ్లలో కనిపించాయి.

ఇద్దరే ఎలా వేయగలిగారు?

ఇప్పటి పిచర్ వంద బంతులు దాటగానే కొత్త పిచర్‌ను సిద్ధం చేయమని మేనేజర్ ఫోన్ ఎత్తుతాడు. 1920లో బంతుల లెక్క ఎవరూ రాసుకోలేదు. ఇన్నింగ్‌కు పది బంతులే అనుకున్నా ఒక్కొక్కరు 260 వేసి ఉంటారు. నిజానికి ఇంకా ఎక్కువే అయి ఉండాలి.

దీన్ని పాతకాలపు మగతనం, ఇప్పటి సుకుమారం అని కొట్టిపారేయడం తేలిక, కానీ సరికాదు. ప్రతి బ్యాటరూ హోమ్ రన్ కొట్టలేని రోజుల్లో పిచర్ ప్రతి బంతినీ గరిష్ఠ వేగంతో వేయక్కర్లేదు. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు కొట్టనిచ్చి ఫీల్డర్ల మీద భారం వేసేవాడు, ప్రమాదం వచ్చినప్పుడే బలం తీసేవాడు. కాడోర్ 15 హిట్లిచ్చి ఒక్క పరుగే ఇవ్వడం వెనక ఉన్నది ఈ పొదుపే. నేటి పిచర్‌కు ఎనిమిదో నంబర్ బ్యాటర్ కూడా గోడ దాటించగలడన్న టెన్షన్ ఉంటుంది, అందుకే మొదటి బంతి నుంచే పూర్తి బలం. అలా వేసే చెయ్యి ఎక్కువసేపు నిలవదు.

మొదలుపెట్టిన పిచరే ముగించడం అప్పట్లో మామూలు సంగతి. 1920లో సగానికి పైగా మ్యాచ్‌లలో అదే జరిగింది. 2024లో మేజర్ లీగ్ మొత్తం మీద 2,400కు పైగా మ్యాచ్‌లు జరిగితే, పిచర్ ఆసాంతం వేసిన సందర్భాలు 28 మాత్రమే.

దీనికి మూల్యం లేకపోలేదు. మూడు రోజుల పాటు చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయానని కాడోర్ తర్వాత చెప్పుకున్నాడంటారు. ఆ సీజన్‌లో అతను 15 గెలిచి 14 ఓడాడు, ఎష్గర్ 15 గెలిచి 13 ఓడాడు. ఎష్గర్ 1921లో 20 మ్యాచ్‌లు గెలిచాడు, 1922లో ఏకంగా 21 ఓడాడు. కాడోర్ 1924లో, ఎష్గర్ 1925లో మేజర్ లీగ్ నుంచి తప్పుకున్నారు. ఆ ఒక్క మ్యాచే వాళ్ల చేతులు చెడగొట్టిందని తేల్చడానికి ఈ అంకెలు చాలవు. మరుసటి ఏడాది 20 గెలిచినవాడి చెయ్యి అప్పటికే పాడైందనడం కష్టం.

ఇన్నింగ్‌కు తొమ్మిది నిమిషాలు

ఇప్పటి పాఠకుణ్ని అన్నిటికంటే ఆశ్చర్యపరిచే అంకె మ్యాచ్ పట్టిన సమయం. 26 ఇన్నింగ్స్‌కు 3 గంటల 50 నిమిషాలు. అంటే ఒక్కో ఇన్నింగ్‌కు తొమ్మిది నిమిషాలు కూడా పూర్తిగా పట్టలేదు. 1984 మే నెలలో షికాగో వైట్ సాక్స్, మిల్వాకీ బ్రూయర్స్ రెండు రోజుల్లో ఆడిన 25 ఇన్నింగ్స్ మ్యాచ్‌కు 8 గంటల 6 నిమిషాలు పట్టింది, ఇన్నింగ్‌కు 19 నిమిషాల పైన. అది మేజర్ లీగ్‌లో సమయం లెక్కన అతి పొడుగు మ్యాచ్. చివరికి హెరాల్డ్ బెయిన్స్ హోమ్ రన్‌తో షికాగో 7–6తో గెలిచింది.

తేడా ఎక్కడిది? 1920లో ప్రకటనల విరామాలు లేవు. మేజర్ లీగ్ మ్యాచ్ మొదటిసారి రేడియోలో వచ్చిందే 1921 ఆగస్టులో. పిచర్ మార్పులు లేవు కాబట్టి కొత్తవాడు వచ్చి చెయ్యి సర్దుకునే సమయం అక్కర్లేదు. స్ట్రైకౌట్లు, వాక్‌లు తక్కువ కాబట్టి ఒక్కో బ్యాటర్‌కు పడే బంతులూ తక్కువే. బ్యాటర్లు ప్రతి బంతికీ పక్కకు జరిగి చేతి తొడుగులు బిగించుకునే అలవాటు అప్పటికి లేదు. పిచర్ బంతి అందుకున్న వెంటనే వేసేవాడు. 2021లో సగటు తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ 3 గంటల 10 నిమిషాలు దాటింది. 2023లో పిచర్‌కు గడియారం పెట్టాక అది సుమారు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. అంత చేసినా ఇన్నింగ్‌కు 18 నిమిషాలు, 1920 నాటి దానికి రెట్టింపు.

చీకటి, ఆపై రైలు

మ్యాచ్ మధ్యాహ్నం మూడుకు మొదలైంది. సాయంత్రం ఏడు కావస్తుండగా అంపైర్ బ్యారీ మెక్‌కార్మిక్ ఇక చాలన్నాడు. బంతి కనిపించడం లేదు. మేజర్ లీగ్‌లో లైట్ల వెలుగులో మొదటి మ్యాచ్ జరిగింది 1935 మే 24న, సిన్సినాటిలో. ఇంకొక్క ఇన్నింగ్ ఆడితే మూడు పూర్తి మ్యాచ్‌లంత అవుతుంది, ఆడనివ్వమని ఓల్సన్ బతిమాలాడన్న కథ ప్రచారంలో ఉంది.

అప్పటి పద్ధతిలో సమమైన మ్యాచ్‌ను ఆగిన చోటి నుంచి కొనసాగించరు. ఆటగాళ్ల గణాంకాలు లెక్కలోకి వస్తాయి, ఫలితం మాత్రం రాదు. మళ్లీ మొదటి నుంచి మరో రోజు ఆడాల్సిందే.

బ్రూక్లిన్ కష్టాలు అక్కడితో ఆగలేదు. మరునాడు ఆదివారం. బోస్టన్‌లో ఆదివారం బేస్‌బాల్ ఆడటం చట్టరీత్యా నిషేధం, ఆ ఊళ్లో అది 1929లో గానీ మొదలవలేదు. న్యూయార్క్ మాత్రం 1919లోనే అనుమతించింది. అందుకే బ్రూక్లిన్ జట్టు రైలెక్కి మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సొంత ఊళ్లో ఫిలడెల్ఫియాతో ఆడింది. 13 ఇన్నింగ్స్ తర్వాత 4–3తో ఓడింది. మళ్లీ రైలు, మళ్లీ బోస్టన్. మే 3న 19 ఇన్నింగ్స్ ఆడి 2–1తో ఓడింది. అక్కడా ఇరువైపులా చెరొక పిచరే, బ్రూక్లిన్‌కు షెర్రీ స్మిత్, బోస్టన్‌కు డానా ఫిలింగిమ్. మొత్తం మూడు రోజుల్లో 58 ఇన్నింగ్స్, ఒక్క గెలుపూ లేదు. అయినా ఆ సంవత్సరం నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) విజేత బ్రూక్లినే కావడం విచిత్రం. రెండు విభాగాల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో మాత్రం క్లీవ్‌లాండ్ చేతిలో ఓడింది.

లైట్లు వచ్చాక ఎవరు ఆపాలి?

లైట్లు రావడంతో చీకటి చేసే పనిని మనుషులు చేయాల్సి వచ్చింది. లీగ్‌లు రాత్రి ఫలానా సమయం తర్వాత కొత్త ఇన్నింగ్ మొదలుపెట్టకూడదని కర్ఫ్యూ నిబంధనలు పెట్టుకున్నాయి. ఆ నిబంధన లేకపోతే ఏమవుతుందో 1981లో చిన్న లీగ్ మ్యాచ్ ఒకటి చూపించింది.

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లో ఏప్రిల్ 18 రాత్రి పాటకెట్, రోచెస్టర్ జట్లు ఆట మొదలుపెట్టాయి. ఆ లీగ్‌లో అర్ధరాత్రి 12.50 తర్వాత కొత్త ఇన్నింగ్ మొదలుకాకూడదు. కానీ అంపైర్ల దగ్గరున్న నిబంధనల ప్రతిలో ఆ వాక్యం లేదు! చలి, ఎదురుగాలి. వెచ్చదనం కోసం ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు కాల్చుకున్నారు. 21వ ఇన్నింగ్‌లో రోచెస్టర్ ఒక పరుగు చేసింది, అదే ఇన్నింగ్‌లో వేడ్ బాగ్స్ డబుల్‌తో పాటకెట్ సమం చేసింది. లీగ్ అధ్యక్షుడు ఫోన్‌లో దొరికి ఆపమన్నాక, ఈస్టర్ ఆదివారం తెల్లవారుజాము 4 గంటల 7 నిమిషాలకు, 32 ఇన్నింగ్స్ తర్వాత ఆట ఆగింది. మొదట్లో ఉన్న 1,740 మంది ప్రేక్షకుల్లో అప్పటికి మిగిలింది 19 మంది.

ఇక్కడ 1920కీ 1981కీ తేడా కీలకం. ఈసారి మ్యాచ్‌ను కొట్టివేయలేదు, వాయిదా వేశారు. జూన్ 23న 33వ ఇన్నింగ్ నుంచి మొదలుపెడితే 18 నిమిషాల్లో డేవ్ కోజా సింగిల్‌తో పాటకెట్ 3–2తో గెలిచింది. అప్పటికి మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు, దాంతో దేశం దృష్టి అంతా ఆ చిన్న ఊరి మీదే పడింది. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. ఆ మ్యాచ్ ఆడిన బాగ్స్, రోచెస్టర్ తరఫున మూడో బేస్ కాసిన కాల్ రిప్కెన్ జూనియర్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు.

క్రికెట్‌లో దీనికి సాటి 1939 మార్చిలో డర్బన్‌లో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా ఆడిన కాలపరిమితి లేని టెస్ట్. మార్చి 3న మొదలై 14న ఆగింది. గెలుపుకు 696 కావాల్సిన ఇంగ్లండ్ 5 వికెట్లకు 654 మీద ఉండగా ఆట వదిలేశారు. ఇంగ్లండ్ జట్టు కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కాలి. ఆ తర్వాత కాలపరిమితి లేని టెస్ట్‌లే పోయాయి. క్రికెట్ డ్రాతో సర్దుకుపోయింది. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్ కూడా అంతే, సాధారణ సీజన్‌లో 12 ఇన్నింగ్స్ దాటితే సమం అని రాసేసుకుంటారు. అమెరికన్లకు మాత్రం సమం అన్న మాట గిట్టదు. అటు సమం వద్దు, ఇటు రాత్రంతా ఆడటమూ వద్దు. రెండూ వద్దంటే మిగిలేది ఆటను లోపలి నుంచి మార్చడమే.

ఊరికే వచ్చిన రన్నర్ చేసే పని

రెండో బేస్ మీద మనిషిని పెట్టడం అంటే పైన చెప్పిన లెక్కలో పరుగు వచ్చే అవకాశాన్ని ఒక్కసారిగా పెంచడం. ఒక సింగిల్ చాలు. లేదా ఒక బంట్, ఒక ఎత్తైన క్యాచ్. రెండో బేస్‌కు వచ్చేది అంతకుముందు ఇన్నింగ్‌లో చివర బ్యాటింగ్ చేసినవాడే. అతను చేసే పరుగును పిచర్ ఖాతాలో ఆర్జిత పరుగుగా (పిచర్ బాధ్యతగా లెక్కించే పరుగు) రాయరు, తప్పు పిచర్‌ది కాదు కాబట్టి. జట్లకు దీనివల్ల లాభం ఉంది. పిచర్లంతా ఒకే రాత్రి ఖర్చైపోతే ఆ వారమంతా ఇబ్బందే.

ఈ నిబంధన ఉన్నా మ్యాచ్ సాగదని చెప్పలేం. 2021 ఆగస్టులో డాడ్జర్స్, పాడ్రెస్ 16 ఇన్నింగ్స్ ఆడారు. అయితే ప్లేఆఫ్స్‌కు, వరల్డ్ సిరీస్‌కు దీన్ని వర్తింపజేయలేదు. అక్కడ పాత పద్ధతే. అందుకే 2018 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్, 7 గంటల 20 నిమిషాలు పట్టింది. 2025లో మళ్లీ మూడో మ్యాచే, మళ్లీ 18 ఇన్నింగ్స్. 6 గంటల 39 నిమిషాల తర్వాత ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో డాడ్జర్స్ 6–5తో టొరంటో మీద గెలిచింది. రెండింట్లోనూ గెలిచింది 1920లో 58 ఇన్నింగ్స్ ఆడి ఏమీ దక్కించుకోని ఆ జట్టు వారసులే. 2025 మ్యాచ్‌లో రెండు వైపులా కలిపి 19 మంది పిచర్లు వేశారు, బంతులు 600 దాటాయి. ఆ రెండు మ్యాచ్‌లకూ తెర దించింది హోమ్ రన్నే. బ్రేవ్స్ ఫీల్డ్‌లో అంత పొడుగు మధ్యాహ్నమంతా కాచుకున్నా దొరకనిది అదే.

ఇప్పటి నిబంధనలే ఉంటే 1920 మ్యాచ్ పదకొండో ఇన్నింగ్‌లోనో పన్నెండులోనో తేలిపోయేదని అనుకోవడం సబబే. అప్పుడు కాడోర్, ఎష్గర్‌లలో ఒకరికి గెలుపు, మరొకరికి ఓటమి పడేవి. రికార్డు పుస్తకంలో ఆ రోజున ఇద్దరి పేర్ల పక్కనా 26 ఇన్నింగ్స్, ఒక పరుగు అని ఉంటుంది. గెలుపు గడిలో, ఓటమి గడిలో ఇద్దరికీ ఏమీ లేదు.